ఉప్పు పడింది

రొట్టెల కొట్టు,
పొయ్యి పక్కనుంచి

ఒరేయ్ కండక్టరూ,

జాబు మొదట్లో "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాయాలంటారు. నేను రాయను. ఇక్కడ ఎవడూ క్షేమం కాదు. నువ్వు క్షేమమో కాదో నాకు తెలీదు. బావా బావమరుదులం, మన మధ్య అబద్ధాలెందుకు.

నాకు రాత అంతంత మాత్రమని నీకు తెలుసు. పిండి పిసికే వేళ్ళివి, కలం పట్టుకుంటే అది విరుగుతుందేమోనని భయం. అయినా ఇంకొకడి చేత రాయించను. రాయించుకుందామంటే ఈ వీధిలో మొహం చూడదగ్గవాడు ఒక్కడు మిగల్లేదు.

కొట్టు దోచుకున్నారు. ఈ జెండావాళ్ళా ఆ జెండావాళ్ళా అని అడగకు. జెండావాళ్ళు మిట్టమధ్యాహ్నం వీధి పొడుగునా అద్దాలు పగలగొట్టుకుంటూ పోయారు. మన అద్దం కూడా పగలగొట్టి పోయారు. లోపలికి రాలేదు. పాపం వాళ్ళకి తీరిక లేదు. ఆ వెనక వచ్చింది మన జనం. రోజూ పొద్దున్నే వచ్చి "పెద్దమ్మా, కాస్త మెత్తటిది చూసి ఇవ్వు" అనే జనం. అద్దం ఎలాగూ పగిలింది కదా అని కాలు లోపల పెట్టారు. ఒకడు పెట్టాడని ఇంకొకడు.

నేను పొయ్యి దగ్గర ఉన్నా. పరుగెత్తుకొచ్చేసరికి అన్నీ వీపులే కనపడ్డాయి, ఒక్క మొహం కనపడలేదు. రొట్టెలు పోయాయి. బన్నుల ట్రేలు పోయాయి. తక్కెడ పోయింది. చక్కెర డబ్బా పోయింది. నా పళ్ళు పోయాయి. నవ్వకు. పొయ్యి సెగకి చిగుళ్ళు మండుతాయని పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేసి కౌంటరు పక్క అరమీద పెట్టుకుంటా కదా. ఎవడో ఆ అరమీద చెయ్యి వేసి ఒక్క ఊపులో అంతా సంచిలోకి తోసుకుపోయాడు. రొట్టె దొంగతనం చేసినవాడికి ఆకలి అనుకుంటా. ముసలాడి కట్టుడు పళ్ళు ఎత్తుకుపోయినవాణ్ణి ఏమనుకోవాలి?

ఇదంతా ఒక ఎత్తు. మీ అక్క ఒక ఎత్తు. ఆమె కౌంటరు దగ్గరే ఉంది. మొహాలన్నీ చూసింది. ఎవరే అంటే చెప్పదు. ఒకడు మాత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని, "కాస్త పక్కకి జరగండమ్మా" అన్నాడట. మర్యాదగా. పక్కకి జరిపి, అర ఖాళీ చేశాడట. అంతవరకు చెప్పి పైగదిలోకి వెళ్ళిపోయింది. ఇంక దిగలేదు.

నీకు తెలుసు కదా మా పని ఎలా నడుస్తుందో. పిసకడం నాది, ఉప్పు ఆమెది. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను ఉప్పు రెండుసార్లు వేసి తొట్టెడు పిండి పాడుచేశానని, ఆ రోజే ఉప్పు డబ్బా లాక్కుని కౌంటరు కింద పెట్టుకుంది. రోజూ వేసి, "ఉప్పు పడింది!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచి, నవ్వేది. ఆ అరుపుకి నా చేతులు వాటంతటవే రెండో పిసుకుడు మొదలెట్టేవి. ఇప్పుడు అరుపు లేదు, నవ్వు లేదు. నేను పిసుకుతూనే ఉన్నా, ఎద్దు నడిచినట్టు.

ఆమె నవ్వకపోతే ఈ కొట్టు నాకెందుకు? పిండి మిల్లువాడు గోడౌను కోసం అడుగుతున్నాడు. ఇచ్చేస్తానన్నా. చిన్నప్పుడు మీ అక్కని నవ్వించి చంపేవాడివని చెప్పుకుంటావు. ఏదైనా రాసి పంపు, చదివి వినిపిస్తా. అడుక్కుంటున్నా అనుకోకు. చెయ్యమని చెప్తున్నా.

మీ బావ


మా ఇంటినుంచి,
కులాసాగా

రొట్టెల చక్రవర్తి బావగారికి, టిక్కెట్టు కొట్టి కొట్టి చెయ్యి అరిగిన బావమరిది నమస్కారం.

బావా, నీ జాబు చూసి ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేశా. పళ్ళ దగ్గర నవ్వా, అక్క దగ్గర ఏడ్చా. పళ్ళు పోవడం మంచికే అనుకో. నువ్వు కొరికే మాటలు కాస్త మెత్తబడతాయి.

ఇక్కడ నాకేం లేదు. సైకిల్ షాపు మీద నా గది, గదిలో నేను. బస్సులు తిరగడం లేదు కాబట్టి ఊరంతా నాలాగే రిటైరైంది. నా గురించి అక్కకి చెప్పేదేమీ లేదు, బాగున్నానని చెప్పు, చాలు.

అక్కకి ఇది వినిపించు. బస్సు వెళ్తోంది. మొదటి స్టాపులో ఈ జెండావాళ్ళు ఎక్కారు. "మా వైపు ఎవరు, చెయ్యెత్తండి" అన్నారు. అందరూ ఎత్తారు. వాళ్ళు దిగారు. రెండో స్టాపులో ఆ జెండావాళ్ళు ఎక్కారు. "మా వైపు ఎవరు?" మళ్ళీ అందరూ ఎత్తారు. వాళ్ళూ దిగారు. అందరూ చేతులు దించారు గానీ వెనక సీటులో ఒక ముసలావిడ దించలేదు. "దింపమ్మా, వెళ్ళిపోయారు" అన్నా. "మాటిమాటికీ ఎత్తలేను నాయనా, ఆఖరి స్టాపుదాకా ఇలాగే ఉంటా" అంది.

బావా, కాళ్ళకి దండం పెడతా, ముసలావిడని ముందు తీసుకురాకు. ఆవిడ చివర్లో రావాలి. నువ్వు కథ చెప్తే తోకనుంచి మొదలెడతావు.

కొట్టు అమ్మకు. కనీసం నేను వచ్చి చూసేదాకా ఆగు.

నీ ఒకే ఒక్క బావమరిది


పొయ్యి పక్కనుంచి

ఒరేయ్,

నీ బస్సు కథ చెప్పా. "వెనక సీటులో ఒక ముసలావిడ చెయ్యెత్తుకుని కూర్చుంది" అని మొదలెట్టా. నువ్వు చెప్పొద్దన్నది గుర్తుంది, నోరు వినలేదు. కథ అయ్యాక మీ అక్క, "పాపం, భుజం లాగేసి ఉంటుంది" అని గోడవైపు తిరిగి పడుకుంది. నీ కథలో పస లేదు. నేను చెప్పడంలో తప్పేం లేదు.

కర్ఫ్యూ పొద్దునపూట కాస్త సడలించారు. కొట్టు తెరిచా. అద్దం బదులు చెక్క కొట్టా. మొదటిరోజు ఎవడొస్తాడో చూద్దామనుకున్నా. అందరూ వచ్చారు! దోచుకున్నవాళ్ళూ, దోచుకోనివాళ్ళూ కలిసి, ఒకే వరుసలో, స్నానాలు చేసి, జుట్టు దువ్వుకుని. ఎవడు ఎవడో నాకు తెలీదు కాబట్టి అందరినీ ఒకేలా అసహ్యించుకుంటున్నా. రొట్టె చేతికిస్తుంటే కళ్ళలోకి చూడరు. నా చేతులవైపు చూస్తారు. ఉప్పూ కారం తినే జనమేనా వీళ్ళు?

పిండి దరిద్రంగా వస్తోంది. చేతికి బంకలా అంటుకుంటోంది. ఊరికే ఉబ్బుతుంది, అంతలోనే కూలబడుతుంది. పైన రంగు రావడం లేదు, జబ్బు మనిషి మొహంలా పాలిపోతోంది. మిల్లువాడు ఏదో కలుపుతున్నాడు. వెళ్ళి అడిగా. "నా పిండికేం వచ్చింది పెద్దాయనా, మీ వయసుకి వచ్చింది" అన్నాడు. కొట్టు కొనుక్కోబోయేవాడివని ఊరుకున్నా, లేకపోతే బస్తాలో ముంచేవాణ్ణి అన్నా.

అయినా విను. పిండి అలా ఉన్నా నా చెయ్యి పోలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు! ఈ వీధిలో ఒక ట్యూషన్ మాస్టారు ఉన్నాడు, ఏళ్ళతరబడి మన దగ్గరే కొంటున్నాడు, ఎప్పుడూ ఏదో వంక పెట్టేవాడు. మాడింది అనేవాడు, చిన్నదైంది అనేవాడు. ఇప్పుడు "చాలా సాత్వికంగా ఉంటోంది పెద్దాయనా, ఇలాంటి రొట్టె జన్మలో తినలేదు" అంటున్నాడు. వీధి మొదట్లో కాపలా ఉన్న పోలీసాయన తిని, వాళ్ళమ్మ గుర్తొచ్చిందని కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళమ్మ ఎలా వండేదో నేనడగలేదు.

శాంతి కమిటీ అని ఒకటి వచ్చింది. తెల్లబట్టలు, మెడలో రుమాళ్ళు. నా చేత రొట్టె పట్టించి, వాళ్ళు నా పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. నవ్వమన్నారు. పళ్ళు లేవన్నా. "పర్వాలేదు, మూసుకుని నవ్వండి" అన్నారు. అధ్యక్షుడు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, ఈ రొట్టె మన ఐకమత్యానికి గుర్తు అన్నాడు. మిగతా ముక్క జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక రోత పుట్టి, నిలబడిన చోట నీళ్ళు పోసి కడిగా.

నువ్వు తిన్నావా ఎలా ఉంది అని అడగకు. పళ్ళు లేనివాడు ఏం తింటాడు? చక్కెర పాలలో నానబెట్టి మింగుతున్నా. ఆ మాటకొస్తే రొట్టెని నేను చేత్తో చూస్తా, నోటితో కాదు. మీ అక్క అసలు ముట్టదు. "ఆ కొట్టులోది నాకొద్దు" అని ఇంత ఉడకేసుకుని తింటోంది. మిల్లువాడికి కొట్టు ఇచ్చేస్తున్నానని చెప్పా. "నీ ఇష్టం" అంది. ఒరేయ్, కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ మనిషి నోట ఆ మాట వినలేదు. చొక్కా మార్చుకున్నా తగవే కదా మాకు! కొట్టు పోయినంత బాధ ఆ మాటతో కలిగింది.

నెలాఖరుకి కాగితాలు.

మీ బావ


ఆరో తరగతి, బి సెక్షన్,
నల్లబల్ల కింద

బావా,

పైన రాసింది చూసి కంగారుపడకు. అలవాటుగా రాసేశాను, కొట్టేస్తే కాగితం దండగ. ఇక దాచి ప్రయోజనం లేదు. సైకిల్ షాపు లేదు, నా గది లేదు, ఆ వరుసే లేదు, కాలిపోయింది. మీ కొట్టు దోపిడీకి ముందే. నీ మొదటి జాబు కూడా పోస్టుమాన్ వెతుక్కుంటూ ఇక్కడికే తెచ్చాడు. వీధివాళ్ళందరం బడిలో ఉంటున్నాం. నీకు రాసింది అబద్ధమే. నువ్వు అబద్ధాలొద్దన్న జాబుకే అబద్ధం రాశాను, తిట్టుకో. అక్క అలా ఉందని తెలిసి ఇంకోటి ఎలా పెట్టను నెత్తిన?

నేను బాగానే ఉన్నాను, ఒట్టు. చిన్నప్పుడు ఆరో తరగతి దాటలేదు కదా, ఇప్పుడు మళ్ళీ కూర్చోబెట్టారు. పొడుగువాళ్ళం వెనక బెంచీలు. నల్లబల్ల మీద ఎవరో సగం లెక్క వేసి వదిలేసి పోయారు, పడుకునేముందు అందరం దానికి జవాబు చెప్తాం, ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. మొదట్లో ఇక్కడ స్నానాల గది దగ్గర రోజూ కొట్లాటే. బకెట్లతో కొట్టుకునేవాళ్ళు. నా దగ్గర పాత విజిల్ ఒక్కటే మిగిలింది, జేబులో ఉండబట్టి. ఒకరోజు విసుగొచ్చి తలుపు దగ్గర నిలబడి విజిల్ వేశా. "లోపలున్నవారు దిగాలి, దిగేవారికి దారివ్వండి, రైట్ రైట్!" అని అరిచా. అంతా పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి వరుసలో ఎక్కుతున్నారు, వరుసలో దిగుతున్నారు. ఒకావిడ అయితే రోజూ "ఆడవాళ్ళ సీటు ఖాళీ ఉందా?" అని అడుగుతుంది. ఆవిడ ఇల్లూ కాలిపోయింది బావా. ఇల్లు పోయినా ఆవిడ ఆ మాట అడగడం మానలేదు.

ఇంతకన్నా చేయగలిగింది నాకు తెలీదు.

అక్కకి మాత్రం చెప్పకు. నీ ఒట్టు.

కండక్టరు


పొయ్యి పక్కనుంచి

ఒరేయ్ దొంగవెధవా,

చెప్పొద్దన్నావు. చెప్పేశా. జాబు తీసుకెళ్ళి మొత్తం చదివా. ఈసారి తోకనుంచి కాదు, మొదటినుంచి చదివా.

తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నా. మంచం దిగింది. పెట్టె తీసింది. అడుగునుంచి మందపు దుప్పటి లాగి దులిపింది. "వాడికి చలి ఆగదు" అంది. రోజులతరబడి "ఊ", "ఆ" తప్ప వినని నాకు అది ఉపన్యాసంలా ఉంది. మెట్లమీదదాకా వచ్చింది. కింద జనం గొంతులు వినపడగానే దుప్పటి నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

అందుకని దుప్పటిలో రొట్టె ఒకటి నేనే చుట్టి పంపుతున్నా. లారీవాడు మంచివాడని అంటున్నారు. నేను నమ్మను. అందితే నాకు రాయి.

మీ వీధి తగలబెట్టినవాళ్ళ చేతులు పడిపోను. నిన్ను అబద్ధం చెప్పినందుకు క్షమించలేదు. కానీ ఇక్కడ పైన ఇంకో గది ఉంది, కిటికీ సరిగా మూతపడదు. కొట్టు నెలాఖరుదాకా నాదే కాబట్టి చెప్తున్నా. ఆ తర్వాత నేనెక్కడుంటానో నాకే తెలీదు, ఇంక నిన్నేం రమ్మంటాను. ఆ ఆలోచన వస్తే నా మీద నాకే రోతగా ఉంది. వదిలెయ్.

బావ


ఆరో తరగతి నుంచి

బావా,

దుప్పటి అందింది. లారీవాడు మంచివాడే, నువ్వు ఓడిపోయావు. దుప్పటిలో అక్క పెట్టెలో వాసన అలాగే ఉంది. మొదటిరోజు కప్పుకోలేదు, వాసన పోతుందని.

రొట్టె గురించి ఏం చెప్పమంటావు! క్లాసంతా పంచుకున్నాం. ఒక్క ముక్క మిగిలితే ఒట్టు. నీ చెయ్యి నీదే బావా.

నెలాఖరు దగ్గరికొస్తోంది. కిటికీ మూతపడని గది అంటే నాకిష్టం. బస్సులో కూర్చున్నట్టు ఉంటుంది. అడగడం లేదు, చెప్తున్నాను. ఇది నీ దగ్గర నేర్చుకున్నదే.

కండక్టరు


కొట్టు నుంచి

ఒరేయ్ నీచుడా, పాపాత్ముడా, నా సొంత బావమరిదివై ఉండి నువ్వు కూడానా!

మొదటినుంచి చెప్తా. ఇవాళ పొద్దున కొట్టు తలుపు తీస్తే గడప మీద చిన్న మూట. ఇస్త్రీ చేసిన జేబురుమాలు. విప్పితే నా పళ్ళు. కడిగి, తోమి, మెరుస్తూ. నా దగ్గరున్నప్పుడు ఎప్పుడూ అంత శుభ్రంగా లేవు. రెండు నెలలు ఎవడింట్లోనో ఉన్నాయి ఇవి. వాటిని ఎదురుగా పెట్టుకుని వాడికి ముద్ద ఎలా దిగిందో. అటూ ఇటూ చూశా. వీధిలో ఎవడూ లేడు. ఉంటే ఆ పళ్ళతోనే కరిచేవాణ్ణి.

పెట్టుకున్నా. సరిగ్గా కూర్చున్నాయి. పళ్ళొచ్చాక మనిషి మొదట ఏం కొరుకుతాడు? నా రొట్టే. జనమంతా మెచ్చిన రొట్టె. గట్టి అంచు చూసి కొరికా. నమిలా.

ఒరేయ్, గోడకి కొట్టే సున్నం నయంరా!

మొదట మిల్లువాణ్ణి తిట్టా. తర్వాత నీళ్ళని తిట్టా. తర్వాత నా పళ్ళని అనుమానించా, ఎవడింట్లోనో ఉండి చెడిపోయాయేమోనని. ఇంకో ముక్క నమిలా. అప్పుడు తట్టింది. వంగి కౌంటరు కింద చూశా. ఉప్పు డబ్బా. అంతా దోచుకున్నవాళ్ళు ఉప్పు మాత్రం వదిలేశారు. మూతమీద వేలితో గీస్తే గీత పడింది, అంత దుమ్ము. మీ అక్క పైకి వెళ్ళిన రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. ఉప్పు నా పని కాదు కదా, నా చేతికి తెలీదు. రెండు నెలలు ఈ వీధికి ఉప్పు లేని రొట్టె పెట్టా!

ఒక్కడు చెప్పలేదు. ఒక్కడు! నా ఒళ్ళు మండిపోయింది. మెట్లు రెండేసి ఎక్కా, ఈ వయసులో. రొట్టె తీసుకెళ్ళి మీ అక్క ఒళ్ళో పడేశా.

"తిను" అన్నా.

"నాకొద్దన్నా కదా."

"ఉప్పు లేదే! మొదటిరోజునుంచీ లేదు! ఒక్క కుక్క కూడా చెప్పలేదు!"

ఆమె నావైపు చూసింది. పళ్ళవైపు చూసింది. ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం అదోలా పెట్టింది.

"మాస్టారు కూడా చెప్పలేదా?"

"సాత్వికంగా ఉందన్నాడు."

"పోలీసాయన?"

"వాళ్ళమ్మ గుర్తొచ్చిందన్నాడు."

"మరి ఆ తెల్లబట్టలవాళ్ళు?"

"ఐకమత్యం అన్నారు."

అక్కడ మొదలైంది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పక్కన కూర్చున్నా. కాదు. "ఐకమత్యం" అంటుంది, ముక్కవైపు చూస్తుంది, మళ్ళీ విరగబడి నవ్వుతుంది. "రెండు నెలలు! రోజూ! వరుసలో నిలబడి!" అని పొట్ట పట్టుకుంది. కింద వీధిలో కిటికీలు తెరుచుకున్న చప్పుడు విన్నా. చానాళ్ళయింది కదా వాళ్ళూ విని.

నేను నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు. కళ్ళలో పిండి పడింది, అంతే.

తర్వాత కూర్చుని ఆలోచించా. తిన్నారు ఎందుకు? బాగుండి కాదు. నా మొహం చూసి వంక పెట్టడానికి సిగ్గుపడి తిన్నారు. కొట్టులో పడి దోచినప్పుడు లేని సిగ్గు రొట్టె నమిలేటప్పుడు వచ్చింది. పనికిమాలిన సిగ్గు. ఆలస్యపు సిగ్గు. అయినా ఈ వీధిలో అది కూడా లేదనుకున్నా ఇన్నాళ్ళూ. ఉంది. మెచ్చుకోను. ఉందని మాత్రం ఒప్పుకుంటా.

మధ్యాహ్నం మిల్లువాడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. నేను నోరు తెరిచేలోపల కౌంటరు వెనకనుంచి వినపడింది. "సంతకం లేదు గింతకం లేదు. పిండి బస్తా దించి వెళ్ళు." మీ అక్క. దిగి, కొంగు బిగించి, ఉప్పు డబ్బా తుడుస్తోంది. "మరి పెద్దాయన ఇష్టమని..." అన్నాడు వాడు. "ఆయన ఇష్టం ఎవడడిగాడు?" అంది. నా ప్రాణం కుదుటపడింది. వాడి పిండిని అన్ని మాటలన్నందుకు క్షమాపణ చెప్పమంది. నేనా? ఒక రొట్టె పంపుతా, చాలు. ఉప్పున్నది.

ఇక నీ సంగతి. క్లాసంతా పంచుకున్నామంటావా? నా చెయ్యి నాదేనంటావా? వాళ్ళంటే దొంగలు. నువ్వు ఎందుకు సిగ్గుపడ్డావురా? దుప్పటి పంపానని మొహమాటమా? బయలుదేరి రా. జవాబు ఎదురుగా చెప్పు. కిటికీ బాగు చేయించను, నువ్వే చేసుకో.

బావ


రొట్టెల కొట్టు,
కౌంటరు దగ్గరనుంచి

తమ్ముడూ,

మీ బావ జాబులో అన్నీ రాశాడు, రాయనివి నేను రాస్తున్నా. కళ్ళలో పిండి పడిందన్నాడు కదా. పైగదిలో పిండి ఎక్కడిది?

నీకు ఒక్కడికే చెప్తా. ఉప్పు పడలేదని నాకు మొదటిరోజే తెలుసు. పిసికే చప్పుడు పైగదిలోకి వినపడుతుంది కదా. నేను వేయలేదు, ఆయన వేయడు. అయ్యో దిగుదామా అనిపించింది. వద్దు, ఎవరో ఒకరు అరుస్తారు, గొడవవుతుంది, అప్పుడు చూద్దాం అని కూర్చున్నా. ఎవరూ అరవలేదు. రోజూ కిటికీ పక్కన చెవి పెట్టుకుని కూర్చున్నా. ఈ వీధిలో ఒక్క మనిషి "ఇదేం రొట్టె!" అంటే దిగి వచ్చేసేదాన్ని. అందరూ బాగుంది, బాగుంది అంటుంటే నాకు ఇంకా అసహ్యం పెరిగింది. ఆ రోజు మర్యాదగా దోచుకున్నారు, ఇప్పుడు మర్యాదగా మింగుతున్నారు అనుకున్నా. చివరికి అరిచింది ఎవరు? మీ బావే. ఇంకెవరు అరుస్తారు! అందుకే నవ్వొచ్చింది నాకు.

పళ్ళ మూట ఎవరు పెట్టారో కూడా చూశా. ట్యూషన్ మాస్టారు. గడప మీద పెట్టి, పిల్లలు తప్పు చేసినప్పుడు నిలబడతారే, అలా కాసేపు చేతులు కట్టుకుని నిలబడి వెళ్ళాడు. ఆ రోజు నా మోచెయ్యి పట్టుకుంది ఆయనే. ఎన్నేళ్ళు మెత్తటివి ఏరి ఇచ్చానో ఆ చేతికి. మీ బావకి పేరు చెప్పలేదు. చెప్తే పళ్ళు నిజంగానే వాడేస్తాడు.

నిన్న మళ్ళీ మొదలెట్టాం. ఉప్పు వేశా. "ఉప్పు పడింది!" అని అరిచా. గొంతు కాస్త బొంగురుపోయింది, రెండోసారి బాగా వచ్చింది. బయట వరుసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో హమ్మయ్య అన్నారు.

మాస్టారు వంతు వచ్చింది. నేను కౌంటరులో ఉంటానని అనుకోలేదు, వెనక్కి తిరగబోయాడు. వెనక జనం, తిరగడానికి చోటు లేదు. వేడి రొట్టె చేతిలో పెట్టా.

"ఇక్కడే తినండి మాస్టారూ."

కొరికాడు. నమిలాడు. కళ్ళెత్తలేదు.

"ఎలా ఉంది?"

"ఉప్పు సరిపోయిందమ్మా."

"మరి ఇన్నాళ్ళూ?"

చేతిలో రొట్టెని అటూ ఇటూ తిప్పాడు. లోపల మీ బావ పిసకడం ఆపేశాడు.

"చెప్పడానికి మొహం చెల్లలేదమ్మా" అన్నాడు.

తమ్ముడూ, నాకు జాలి వేయలేదు. క్షమించనూ లేదు. ఆ చెయ్యి నా మోచేతి మీద ఇంకా ఉన్నట్టే ఉంది. కానీ ఆయన మీసం మీద రొట్టె పొడి చూస్తే లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయా. నువ్వు వచ్చి విజిల్ వేసేదాకా ఈ వరుస నేనే నడపాలి కదా. కౌంటరు మీదనుంచి చెయ్యి చాచి ఆయన మోచెయ్యి పట్టుకున్నా. మెల్లగానే.

"కాస్త పక్కకి జరగండి మాస్టారూ" అన్నా. "వెనక జనం ఆకలితో ఉన్నారు."

నీ అక్క